అప్‌డేట్: లసోటా వేసినా నాటుకోళ్లకు కొక్కెర తెగులు, కారణం తెలిసింది

కొక్కెర తెగులు (రాణిఖేత్ అనే వైరస్ జబ్బు) రాకుండా వేసే లసోటా టీకాను కుళాయి నీళ్లలో కలిపి పట్టించినా కోళ్లు ఆకుపచ్చగా పారుతూ, మెడలు తిరిగి చనిపోతున్నాయని, ఎందుకని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. బదులిచ్చినవారికి థాంక్స్.

పశువైద్యుడు చచ్చిన కోడిని కోసి చూస్తే కందనకాయ ముందున్న జీర్ణాశయం లోపలి పొరలో రక్తపు చుక్కలు. కొక్కెరే. కుళాయి నీళ్లే టీకాను పాడుచేశాయేమోనని ఇక్కడ కొందరు పడ్డ అనుమానమే సరైంది: టీకాలో ఉండేది బతికున్న వైరస్, క్లోరిన్ దాన్ని చంపేస్తుంది. ఈసారి బ్లీచింగ్ వేయని బావి నీళ్లు, లీటరుకు 5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి. ముందు గంటన్నర నీళ్లు ఆపి, కలిపింది రెండు గంటల్లో తాగించేశాం. 8 వారాలు దాటినవాటికి ఆర్‌2బి (ఇదే తెగులుకు సూదితో వేసే టీకా), రెక్క కింద చర్మంలోకి 0.5 మి.లీ.

మేత మార్చడం, యాంటీబయాటిక్ దండగే. అప్పటికే తెగులు సోకినవాటిని టీకా కూడా కాపాడలేదు. కొత్త పిల్లల్లో మాత్రం మెడ తిప్పుడు కనిపించలేదు.