విష్ణుక్రాంతలో క్రావడి ఉండాల్నా, వద్దా?

ప్రొద్దుటూరు: "అశ్వక్రాంతే రథక్రాంతే విష్ణుక్రాంతే..." తర్వాతి మాట నాలుక మీదే ఉంది, రావడంలా. అది మన చవితి పత్రిలోని ఆకేనా? ఒక వ్రతకల్పంలో "భిన్నదంతాయ నమః, విష్ణుక్రాంత పత్రం" అనీ, ఇంకోదాంట్లో "విష్ణుకాంత" అనీ ఉంది. ఏది నిలుస్తుంది?

రాజంపేట: "వసుంధరా" అన్నా. మట్టిని స్తుతించే మృత్తికాసూక్తం అది. అక్కడ చెట్టూ లేదు, చేమా లేదు. విష్ణువు అడుగు మోపిన భూమిని పిలుస్తున్నారు. త్రివిక్రముడిలో ఉన్న "క్రమ్" ధాతువే, అడుగు వేయడమని. "కాంత" అచ్చుతప్పు.

నంద్యాల: అంత తొందరగా తోసేయొద్దు సార్. నోట్లో క్రావడి జారడం మామూలే, ప్రొద్దుటూరును పొద్దుటూరు అనడంలా? పైగా పువ్వు నీలం, విష్ణుకాంతి అనుకున్నా అతుకుతుంది.

రాజంపేట: అతికినంత మాత్రాన ధాతువు మారదు.

అనంతపురం: ముందు చెట్టేదో తేల్చండప్పా. అమరం, అదే సంస్కృత నిఘంటువు అమరకోశం, ఏమంటోంది? "ఆస్ఫోటా గిరికర్ణీ స్యాద్విష్ణుక్రాంతాపరాజితా". అపరాజిత అంటే శంఖుపూల తీగ, దింటెన. గరుసు నేలల్లో పాకే, మనవాళ్లు విష్ణుక్రాంత అనే ఆ చిట్టి నీలిపువ్వు మొక్క కానే కాదు.

కడప: పూజకు ఏదైనా పెట్టుకోండి, మందుకు మాత్రం రెండూ ఒకటనుకోవద్దు. దింటెన చిక్కుడు కుటుంబం తీగ. రెమ్మకు ఐదు నుంచి ఏడు ఆకులు, వేరూ గింజా విరేచనకారులు. జ్వరం కషాయంలో ఆ వేరు పడితే జ్వరం మాట దేవుడెరుగు, చెంబు పట్టుకోవాల. జ్వరానికి వాడేది ఆ చిట్టి మొక్కే, వేరుతో సహా. ఆకుకు పట్టులాంటి నూగు, దారమంత సన్నని కాడ, కొసన సెంటీమీటరు లోపు పువ్వు. మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది కాబట్టి పొద్దున్నే వెతకాల. ఉత్తరాదిలో శంఖపుష్పి అనే ఇంకో మొక్కతో కలగాపులగం కాకుండా పువ్వు లోపల చూడండి: దీనికి కీలాలు, అంటే అండాశయం మీది సన్నని కాడలు, రెండు, ఒక్కోటి మళ్లీ రెండుగా చీలుతుంది, శంఖపుష్పికి కీలం ఒకటే.

వాన పడినాక గడ్డపారతో లేపాల. ఎండిన నేలలో పీకితే వేరు తెగి లోపలే ఉండిపోతుంది. నూగు మట్టిని పట్టుకుంటుంది, మూడు నీళ్లు కడగకపోతే కషాయం అడుగున ఇసకే. పాతకాలపు ఆయుర్వేద గ్రంథకర్త శార్ఙ్గధరుడి లెక్కలో పలం, అంటే సుమారు 48 గ్రాముల దంచిన ద్రవ్యానికి 16 రెట్లు నీళ్లు పోసి ఎనిమిదో వంతుకు దించాల. అంటే ముప్పావు లీటరు పైచిలుకు పోస్తే మిగిలేది 100 మిల్లీలీటర్ల లోపే. తులసి కలపడం వాడుకలో ఉంది.

గుత్తి: తలనూనెకో?

కడప: మొక్కను నూరిన ముద్ద ఒక వంతు, నువ్వుల నూనె నాలుగు, కషాయం పదహారు. నూనె దించేముందు ముద్ద వేళ్ల మధ్య వత్తిలా తిరగాల, నిప్పులో వేస్తే చిటపటలాడకూడదు. తడి మిగిలితే నూనె ముక్కిపోతుంది. దించడానికి తొందరపడేవాళ్ల నూనె అంతా ఇట్లే పాడవుతుంది.

అనంతపురం: అమరానికి ఇంకా జవాబు రాలేదు.

రాజంపేట: అమరం అట్లుండనీ. విష్ణుక్రాంతకు తెలుగు కావాలంటే తాళ్లపాక దాకా రావాల్సిందే: "చెలగి వసుధ గొలిచిన నీ పాదము". అన్నమయ్యకు ఒక్క పాదం చాలింది, మనం క్రావడి కాడనే ఆగినాం.

నంద్యాల: కొలవడం అంటే కొలతేనా సార్, సేవ కాదా? "బ్రహ్మ కడిగిన పాదము"లో కడిగింది బ్రహ్మ. అదే వరసలో వసుధ కొలిచిన పాదం, అంటే భూదేవి సేవించిన పాదం ఎందుక్కాదు? విభక్తి అయితే లేదు కదా.

రాజంపేట: వెంటనే "బలి తల మోపిన పాదము" వస్తుంది. మోపింది పాదమే, తల కాదు. కాబట్టి ఇక్కడా కొలిచింది పాదమే, కొలతే.

నంద్యాల: బలి తన తల తెచ్చి మోపినాడని ఎందుకు చదవకూడదు?

ప్రొద్దుటూరు: సామీ, పత్రి పుస్తకం అచ్చుకు పోవాల. క్రావడి పెట్టాల్నా?

రాజంపేట: పెట్టండి.

నంద్యాల: పెట్టినా కుండలీకరణంలో "కాంత" కూడా వేయండి. రాజంపేట సార్, ఒక్క మాట, మీ లెక్కన "చెలగి" ఎవరికి? పాదం చెలగిందా, వసుధ చెలగిందా?