మా ఊరి డొంక బాగు చేసుకుందామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?

తెనాలి కుర్రాడు:
అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఊరి చివర నుంచి శ్మశానం పక్కగా పొలాల్లోకి పోయే డొంక ఒకటి ఉంది, కిలోమీటరున్నర దాకా ఉంటుంది. నా చిన్నప్పుడు అందులో రెండెడ్ల బండ్లు ఎదురెదురుగా వచ్చినా తప్పుకునేవి, ఇప్పుడు బైకు కూడా పోదు, ఒక పక్క సర్కారు తుమ్మ, ఇంకో పక్క ఏటా ఒక్కో సాలు చొప్పున లోపలికి జరిగిన గట్లు. పోయిన కార్తీకంలో మా పెదనాన్న పోయినప్పుడు పాడె మోసేవాళ్లు మోకాలి లోతు బురదలో దిగబడితే, చివరికి కోతకొచ్చిన ఒకాయన వరిచేను తొక్కుకుంటూ తీసుకెళ్లాం. ఆయన ఒక్క మాట అనలేదు, నాకే ఆ రోజు నుంచి మనసులో మనసు లేదు. పాతికమందిమి చందాలు వేసుకుని జేసీబీ పెట్టిద్దామనుకుంటున్నాం. ఎవరైనా అడ్డం పడితే ఏం చేయాలి? చేసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ సర్వేయర్:
తమ్ముడూ, ముందు కొలత, తర్వాతే జేసీబీ. డొంక ఎవరి పట్టాలోదీ కాదు, గ్రామ పటంలో కనిపిస్తుంది, రికార్డులో పోరంబోకు అని ఉంటుంది. పాత ఎఫ్‌ఎంబీలో, అంటే సర్వే నంబర్ల వారీగా పొలాల కొలతలు గీసి ఉంచే పుస్తకంలో, కొలతలు లింకుల్లో ఉంటాయి, 100 లింకులంటే 66 అడుగులు, అంటే 50 అని రాసి ఉంటే అది 33 అడుగుల డొంక. ఆ నకలు తీసుకుని, కొలిచి హద్దులు చూపించమని తహసీల్దారుకు అర్జీ పెట్టండి, నలుగురూ సంతకాలు చేస్తే మంచిది. కొలిచే రోజు రెండు పక్కల రైతులకూ ముందే కబురు చేయండి, రాళ్లు వాళ్ల చేతే పాతించండి. ఎవరూ లేనప్పుడు పాతిన రాయి నెల తిరక్కుండా కాలవలో తేలడం నేను చాలాసార్లు చూశాను. మాట వినకపోతే 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద నోటీసు ఇచ్చి తొలగించే అధికారం ఉంది, కానీ అంతదాకా పోనివ్వకండి, రేపు చందాకు వెళ్లాల్సింది కూడా ఆ ఇంటికే.

కోనసీమ రైతు:
మా వైపు దీన్నే పుంత అంటాం. మేం చందాలేసుకుని గ్రావెల్ తోలాం, అందరం సంబరపడ్డాం, తొలకరి పోయి ఊడ్పులు వచ్చేసరికి సగం కొట్టుకుపోయింది. తప్పు మాదే అండీ, తూములు వేయలేదు. పై చేల నీళ్లు కింది చేలకు పోవాలిగా, దారి లేకపోతే రైతు రాత్రికి రాత్రి పుంతకు గండి కొడతాడు, ఆయన పంట ఆయనది. ఇంకోటి, దమ్ము చేసే ఇనప చక్రాలతో ట్రాక్టరు ఒక్కసారి నడిచిందంటే ఎంత గట్టి రోడ్డయినా దుక్కి దున్నినట్టయిపోతుంది. చక్రాలు పొలం దగ్గరే మార్చుకోవాలని మేం కట్టుబాటు పెట్టుకున్నాం, ట్రాక్టరు ఓనర్లను ముందే కూర్చోబెట్టి ఒప్పించాం కాబట్టే నిలబడింది.

నల్గొండ అక్క:
మా దిక్కు నక్షబాట అంటాం. సర్కారు తుమ్మను పైపైన నరికితే రెండింతలు చిగురిస్తుంది, జేసీబీ తెచ్చినప్పుడే వేర్లతో లేపించండి. మొరం ఖర్చు చూసి భయపడకండి, మట్టి పని, కంప పని గ్రామసభలో తీర్మానం చేయించి ఉపాధి హామీలో పెట్టించుకున్నాం మేం. ఒక్క మాట, మీటింగుకు ఆడవాళ్లను కూడా పిలవండి. నాట్లకు, కలుపుకు పొద్దున్నే చెప్పులు చేతిలో పట్టుకుని ఆ బురదలో నడిచేది వాళ్లే, ఎక్కడ కాలు దిగబడుతుందో వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మా ఊళ్లో పైపు ఎక్కడ వేయాలో చూపించింది కూలికి పోయే ఒక పెద్దమ్మే.

తెనాలి కుర్రాడు:
అందరికీ చాలా థాంక్స్. తూముల సంగతి నిజంగా తట్టలేదు. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తున్నాం, ఆ వరిచేను ఆయన కూడా సంతకం పెట్టారు. మినుము తీసేశాక కొలిపించి, ఎండల్లో పని పూర్తి చేద్దామని ఆలోచన. కోనసీమ అన్నగారూ, తూములు ఎంత దూరానికొకటి వేశారు?

కోనసీమ రైతు:
దూరం లెక్క పెట్టుకోవద్దండీ. వానలో ఒకసారి నడిచి, నీళ్లు అడ్డంగా దాటే ప్రతి చోటా కర్ర పాతుకోండి, అక్కడల్లా తూము పడాల్సిందే. మాకు తొమ్మిది పడ్డాయి. పైపు మీద అడుగు మట్టి తగ్గకుండా చూసుకోండి, లేకపోతే ధాన్యం ట్రాక్టరుకే పగిలిపోతుంది.