లోవెల్ మిల్లుల కూలి నిజంగా ఎంత తగ్గింది? లెక్క తేల్చడమెలా?

అమెరికాలో మసాచుసెట్స్‌లోని లోవెల్ నూలు మిల్లుల్లో 1840ల నాటి కూలి మార్పును లెక్కగట్టడానికి సాయం చేయండి. పల్లెల నుంచి వచ్చిన అమ్మాయిలు వారానికి 70 గంటలకు పైగా పనిచేసేవారు; కూలి కోత మీద 1834లో సమ్మె కూడా చేశారు. చిక్కంతా ఆ తర్వాతి కాలంతోనే. ఒక్కొక్కరికి రెండు మగ్గాల బదులు మూడు, నాలుగు అప్పగించి, తానుకింత అని ఇచ్చే రేటు తగ్గించారు. నెల మొత్తాన్నే చూస్తే కూలి నిలకడగా ఉన్నట్టు కనిపిస్తుంది, పెరిగిన శ్రమ లెక్కలోకే రాదు. ఇది ఆ అమ్మాయిలకు అన్యాయం.

జీతాల పుస్తకంలో మగ్గాల సంఖ్య లేనిచోట, నేసిన తాన్లను పనిదినాలతో భాగించి అంచనా వేయవచ్చా? మగ్గం వేగం కూడా పెరిగింది కదా, దాన్ని ఎలా విడదీయాలి? 1845 తర్వాత పెరిగిన ఐరిష్ వలస కూలీలను వేరుగా లెక్కించాలా?