పిలకాయల డిప్రెషన్: తప్పు ఫోన్లదా, ఫీజులదా?

మైపాడు గాలి: ఈ సెమిస్టర్ నుంచి అందరిచేతా పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ ఉందేమో చూసే ప్రశ్నలు) ఫారం నింపించి, మార్కు 10 దాటిన పిలకాయల పేర్లు ప్రిన్సిపాల్‌కి ఇవ్వాలని మా వైపు కాలేజీల్లో మాట నడస్తా ఉండాది. మంచిదేనా? దిగులుకి కారణం ఫోన్లని కొందరు, ఫీజులని కొందరు. మీరేమంటారు?

పెన్నా గట్టు: ఫోనే. రాత్రి రెండింటి దాకా చూస్తే పొద్దున క్లాసుకి ఎట్ట లేస్తారు? హాస్టల్లో పదకొండుకి వైఫై ఆపండి, సగం తగ్గిపోద్ది.

ఒంగోలు గిత్త: డేటా ప్యాక్ కూడా మీరే ఆపుతారా? నిద్ర పట్టకపోవడం డిప్రెషన్ లక్షణం కూడా. దిగులు ముందొచ్చి, నిద్ర పోయి, ఆ ఖాళీలో ఫోన్ చేతికొస్తది. ఇక హాజరు లెక్క చూడండి. 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 మధ్య అయితే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి ఫైన్ కట్టాలి. 65కి తగ్గితే డిటెన్షన్. 90 పనిదినాల సెమిస్టర్లో 32 రోజులు పోతే అంతే. మంచం దిగలేని పిల్లాడికి ఆ 32 ఎంతసేపు? తర్వాత జూనియర్లతో కూర్చోవాలి. దీనిమీద ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని పరీక్షల ముందు హాల్ టికెట్ ఆపడం ఒకటి.

కావలి రైలు: హాల్ టికెట్ మాట నిజం.

పెన్నా గట్టు: ఫీజు అందరికీ ఆగుద్ది, అందరూ డిప్రెషన్లో పడరు గదా. అందుకే ఫారం కావాలనేది. 10 దాటిన వాళ్లని పట్టుకుంటే చాలు.

ఒంగోలు గిత్త: ఆ 10 దగ్గరే ఆగిపోయారు మీరు. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. అడిగేది గడిచిన రెండు వారాల సంగతి. నిద్ర, అలసట, ఆకలి, ఏకాగ్రత, ఈ నాలుగింటికే 12 రావచ్చు. ఇంటర్నల్స్ వారంలో పెడితే క్లాసులో సగం మంది దాటుతారు. మొదటి రెండు ప్రశ్నలు చూడాలి: దేనిమీదా ఆసక్తి లేకపోవడం, మనసు దిగులుగా ఉండటం. రెండూ సున్నా అయితే అది డిప్రెషన్ కాకపోవచ్చు. తొమ్మిదోది చావు ఆలోచనల గురించి. దానికి సున్నా కాకుండా ఏమొచ్చినా మొత్తం 4 అయినా సరే, ఆ రోజే పక్కకి పిలిచి, దగ్గర కూర్చోబెట్టుకుని మాట్లాడాలి. మీ 10 పద్ధతిలో ఆ పిల్లాడు జారిపోతాడు.

సోమశిల నీళ్లు: థైరాయిడ్, హిమోగ్లోబిన్ కూడా చూపించండి. ఆడపిల్లల్లో రక్తం తక్కువైనా ఇట్టనే నీరసం.

పెన్నా గట్టు: చూపిస్తే మాత్రం? డిప్రెషన్ మాత్రలు వారం వేసుకుని ఆపేస్తారు.

ఒంగోలు గిత్త: ఎందుకు ఆపుతారో చెప్పేవాళ్లు లేక. మొదటి వారం వికారం, ఒక్కోసారి గాబరా ఎక్కువవడం ఉంటది. గుణం తెలిసేదానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. ఒక్కసారిగా ఆపితే తల తిరుగుద్ది, డాక్టర్ చెప్పినట్టే తగ్గించుకుంటా రావాలి. ఇది చెప్పడానికే కౌన్సెలర్. 100 మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత ఉన్న ఒకర్ని పెట్టాలని 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. చాలాచోట్ల ఆ కుర్చీలో ఉండేది ఇంగ్లీషు లెక్చరరే.

పెన్నా గట్టు: బాగా చెప్తారయ్యా రూల్సు! రేపు ఏదన్నా జరిగితే అమ్మానాన్నలొచ్చి కాలర్ పట్టుకునేది వార్డెన్‌ని. నువ్వొస్తావా అప్పుడు? పేరే తెలియకుంటే ఎట్ట కాపాడేది?

మైపాడు గాలి: కొంచెం మెల్లగా అన్నా.

ఒంగోలు గిత్త: ఇప్పుడొచ్చింది అసలు మాట. మీకు కావలసింది ఫారం కాదు, పేర్ల జాబితా. 2017 మానసిక ఆరోగ్య చట్టం 23వ సెక్షన్ ప్రకారం రోగి సంగతి గోప్యం. ప్రాణానికి ముప్పున్నప్పుడు అవసరమైనంత వరకే చెప్పొచ్చు. మార్కు 11 వచ్చిందని ప్రిన్సిపాల్ బల్లమీద కాగితం పెట్టేది ముప్పు కిందికి రాదు. పేరు బయటికెళ్తదని తెలిస్తే రెండో బ్యాచ్ మొత్తం సున్నాలు పెట్టేస్తది, మీ ఫారం చెత్తబుట్టకే.

సోమశిల నీళ్లు: ఆడపిల్లయితే చదువు మాన్పించి సంబంధాలు చూస్తారు. అందుకే ఎవరూ నోరు విప్పరు.

పెన్నా గట్టు: అయితే కన్నోళ్లకి కూడా చెప్పకూడదా? ఫీజు కట్టేది వాళ్లు గదా!

ఒంగోలు గిత్త: పద్దెనిమిది నిండిన మనిషి ఒప్పుకుంటే చెప్పండి. ముప్పుంటే ఇంటికి ఫోన్ చేయండి, వాళ్లొచ్చేదాకా తోడు ఒకర్ని ఉంచండి, 14416 టెలి మానస్‌కి (మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్) మీరే కలపండి, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు. మిగతాదానికి ఫారాలు కౌన్సెలర్ బీరువాలోనే ఉండాలి, తాళం కూడా ఆయన దగ్గరే.

పెన్నా గట్టు: బీరువా కాలేజీది.