ప్రార్థనతో ఊరట సరే, "నమ్మితే బాగైతది" అనొచ్చా?

పాకాల గాలి:
మాది నర్సంపేట దిక్కు. మా వదినకు ఎనిమిదో నెలల కడుపులనే బిడ్డ పోయింది. వరంగల్‌ల పెద్దాసుపత్రిల కాన్పు జేసి పంపిన్రు. ఇంటికొచ్చినంక ఎవరితోని మాట లేదు, బువ్వ ముట్టలేదు. చుట్టాలొచ్చి "మళ్లీ పుడ్తరు తియ్" అని పోయిన్రు. మా గల్లీ చర్చి ఆడోళ్లు మాత్రం రోజు పొద్దూకంగ వస్తున్రు. ఒక పాట పాడి, తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన జేసి, కాసేపు ఉత్తగనే కూసుంటరు. ఒకామె బత్తాయి వలిచి, గింజలు తీసి, ఒక్కో తొన వదిన చేతిల పెడ్తది. వదిన తింటది. మేం పెడితే తినది.
నిన్న నొసటికి నూనె రాసిన్రు. అది చూసి మా అన్న వాళ్లను ఇంటికి రావద్దంటున్నడు. ఇయ్యాల నూనె, రేపు మందులు బంద్ పెట్టిస్తరని ఆయన భయం. మేం చర్చికి పోయేటోళ్లం కాదు. మీరేమంటరు?

మెట్టుగుట్ట:
రానియ్యున్రి. పచ్చి బాలింత తింటుందంటే అంతకన్న ఏం గావాలె.

ఎనుమాముల మిర్చి:
మీ అన్న భయం ఉత్తది కాదు. మా తమ్మునికి టీబీ ఉండె. ఆర్నెల్ల కోర్సు. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు. రెండు నెలలకే దగ్గు తగ్గింది, ఒళ్లు జేసిండు. అసలు మోసం అక్కడనే ఉంటది. పురుగు చాన వరకు చస్తది గని లోపల మిగిలింది సప్పుడు లేకుంట ఉంటది, దానికే తక్కిన నాలుగు నెలలు. గా టైంల ఎవరో స్వస్థత కూటానికి తోలుకపోయిన్రు. నూనె రాసిన్రు. స్టేజీ ఎక్కిచ్చి సాక్ష్యం చెప్పిచ్చిన్రు, "నాకు రోగం లేదు" అని. గంత మంది ముందట లేదన్నోడు ఇంటికొచ్చి గోలీ ఎట్ల మింగుతడు? మానేసిండు. తిరగబెట్టింది. మందులకు లొంగలే. పోయిండు.
నూనె రాసినోళ్లను ఇంట్లకు రానియ్యకున్రి. గంతే.

రిటైర్డ్ సిస్టర్:
తమ్ముడు పోవడం చాలా బాధాకరం బాబూ. కానీ నూనె గురించి ఒక మాట. బైబిల్‌లోని యాకోబు పత్రిక 5:14లో రోగికి పెద్దలు నూనె రాచి ప్రార్థన చేయాలని ఉంది, నిజమే. మందులు మానమని ఆ పత్రికలో ఎక్కడా లేదు. యేసు సువార్త చాటిన పౌలు వెంట తిరిగిన లూకాను "ప్రియమైన వైద్యుడు" అని కొలొస్సయులకు రాసిన పత్రికలోనే ఉంది. శిష్యుడు తిమోతికి కడుపు జబ్బు ఉంటే, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకొమ్మని పౌలు చెప్పాడే తప్ప ప్రార్థనతో సరిపెట్టుకొమ్మనలేదు.
మన నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి సంగతి చూడండి. ఇసబెల్ కెర్ అనే మిషనరీ డాక్టరమ్మ 1915 ప్రాంతంలో అక్కడ కుష్ఠు ఆసుపత్రి నిలబెట్టింది. దానికి సాయం చేసింది రాజా నర్సాగౌడ్, ఆయన హిందువు. ఊళ్లోంచి వెళ్లగొట్టినవాళ్లు అక్కడికి వచ్చేవాళ్లు. ఆ రోజుల్లో కుష్ఠుకు ఉన్న మందు హిడ్నోకార్పస్ గింజల నూనె, అదీ సూదితో. చాలా నొప్పి. పొద్దున ప్రార్థన, తర్వాత సూది, రెండూ ఒకే ఆవరణలో. రెంటికీ తగాదా ఉందని అక్కడ ఎవరూ అనుకోలేదు. నేను నేర్చుకున్న నర్సింగ్ అదే.

ఎనుమాముల మిర్చి:
సిస్టర్, నేనడిగింది వందేండ్ల కిందటి ముచ్చట కాదు. డిచ్‌పల్లి నూనె మందు. మా తమ్మునికి రాసింది కొబ్బరినూనె. సీసాలల్ల పోసి, ప్రార్థన జేసిన నూనె అని ఇంటికి పంపిన్రు. మా అవ్వ రోజు రాత్రి వాని ఛాతికి రాసేది. గా సీసాకు మీ పత్రికల ఏ వచనం ఉందో చెప్పున్రి.

కోర్టు గల్లీ:
చట్టం మాట ఒకటి. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం జాబితాలోని రోగాలను మహిమతో నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం నేరం. తాయెత్తు, మంత్రం, ఏదైనా అంతే. టీబీ, కుష్ఠు, క్యాన్సర్ ఆ జాబితాలో ఉన్నాయి. ఇంటికొచ్చి ప్రార్థన చేయడం ప్రకటన కాదు. పోస్టర్ కొడితే వేరే సంగతి.

ఓరుగల్లు బిడ్డ:
అసలు సంగతి ఎవరూ అంటలేరు. ఏడుస్తున్నోళ్ల ఇంటికే ఎందుకు వస్తరు? మెత్తబడి ఉన్నప్పుడు మతంల కలుపుకోనీకి.

కాజీపేట ఫాతిమానగర్:
ఏడుస్తున్నోళ్ల ఇంటికి పోకుంటే నవ్వుతున్నోళ్ల ఇంటికి పోవాల్నా అన్నా? మా నాయిన పోయిననాడు వచ్చింది ఎవరు, రానిది ఎవరు, నాకు ఎరికే. ఆదరణ కూడికకు వంట సామాను గూడ వాళ్లే తెచ్చిన్రు.

ఓరుగల్లు బిడ్డ:
నాకూ ఎరికే. మా మేనత్త ఇంట్ల దేవుని అర్ర తీసేయించిన్రు. ఇప్పుడు దసరాకు అన్నదమ్ముల ఇంటికి రాదు.

అడ్మిన్:
మతమార్పిడి మీద వేరే చర్చ ఉంది, అక్కడికి పోండి. ఇక్కడ ఆ వదిన సంగతి మాట్లాడండి.

రిటైర్డ్ సిస్టర్:
మిర్చి గారూ, ఆ సీసాకు ఏ వచనమూ లేదు. కానీ మీరు ఒకరిద్దరు చేసిన పనికి విశ్వాసం మొత్తాన్ని దోషిని చేస్తున్నారు. టీబీ వార్డులో చాలా ఏళ్లు పనిచేసిన మనిషిగా చెప్తున్నా. దేవుడి మాటే ఎరగనివాళ్లు కూడా దగ్గు తగ్గగానే గోలీలు మానేస్తారు. అందుకే ఎదురుగా మింగించమని సర్కారే పెట్టింది. మీ ఇంట్లో మింగించే బాధ్యత ఎవరిది? అన్నగా మీరు ఎక్కడున్నారు?

ఎనుమాముల మిర్చి:
భీవండిల ఉన్న సిస్టర్. పవర్‌లూం మీద, రాత్రి షిఫ్టు. ఆ పైసలతోనే వాని గుడ్లు, పాలు. ఇగ అడిగిన్రు గద, వినున్రి.
వాడు పోయినంక ఆ కూటం పెట్టిన పెద్దమనిషి మా ఇంటికొచ్చిండు. మా అవ్వ ఆయన కాళ్ల దగ్గర కూసోని ఏడ్చుకుంట, రోజు రాసిన అయ్యా, ఒక్కరోజు గూడ తప్పలే అంటుంది. ఆయన ఏమన్నడో తెలుసా? "రాసిన చేతిల విశ్వాసం ఉండాలె గదమ్మా" అన్నడు. ఇంట్ల దాచిన పాపం ఏదో ఉందన్నడు. మా అవ్వ అప్పటినుంచి ఆ చేతిని చూసుకుంటది. పదో ఏట ఎవరి చెట్టు మామిడికాయ తెంపిందో గూడ యాదికి తెచ్చుకొని, అదేనా బిడ్డా అని నన్నడుగుతది.
నాకు నూనెతోని పంచాయితీ లేదు. కోపం ఆ మాట మీద. బాగైతే దేవుని మహిమ, కాకుంటే పేషెంటు తప్పు. గిట్ల ఆడేటోళ్లతోని ఎవరు గెలుస్తరు?

మెట్టుగుట్ట:
అయ్యో.

రిటైర్డ్ సిస్టర్:
ఆ మాట అన్నవాడు బైబిలు చదవలేదు. పుట్టు గుడ్డివాణ్ని చూపించి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగితే, వీడూ పాపం చేయలేదు, వీడి తల్లిదండ్రులూ చేయలేదు అన్నాడు యేసు. యోహాను తొమ్మిదో అధ్యాయం. యోబు పిల్లలు పోతే స్నేహితులు ముగ్గురు వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద అతనితో ఊరికే కూర్చున్నారు. అంతవరకు వాళ్లు మంచివాళ్లే. నోరు తెరిచి నీ తప్పేదో ఉందన్నప్పటి నుంచే దేవుడికి కోపం తెప్పించారు. 88వ కీర్తన చదవండి, మొరపెట్టి మొరపెట్టి చీకట్లోనే ముగుస్తుంది. జవాబు రాలేదని చెప్పడానికి కూడా మా గ్రంథంలో చోటుంది.
కానీ బాగుచేయమని అడగొద్దంటే మాత్రం నా వల్ల కాదు. మంచం పక్కన నిలబడి అడగకుండా ఎలా ఉంటాను?

ఎనుమాముల మిర్చి:
అడుగున్రి. మీ ఇంట్ల అడుగున్రి. పేషెంటు చెవిల పడేటట్టు అడగకున్రి. విన్నోళ్లు ఆశపడ్తరు.

రిటైర్డ్ సిస్టర్:
తన పేరు పెట్టి ఒకరు దేవుణ్ని బతిమాలుతుంటే వినడమే వాళ్లకు కావలసింది. నేను వందలమంది దగ్గర చూశాను. మనసులో అడుక్కొని వచ్చేస్తే వాళ్లు ఒంటరిగానే ఉంటారు.

ఎనుమాముల మిర్చి:
ఇక్కడ మనకు కుదరదు.

రిటైర్డ్ సిస్టర్:
కుదరదు. పాకాల గాలి గారూ, మీ వదినకు పాలు పడ్డాయా? బిడ్డ లేకపోయినా పడతాయి. రొమ్ములు గట్టిపడి జ్వరం వస్తే ఆలస్యం చేయొద్దు. ఆ బాధ చాలామంది సిగ్గుతో చెప్పరు. నిద్ర లేకపోయినా, బతకాలని లేదన్నా సర్కారు మానసిక సాయం లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

పాకాల గాలి:
పాలు పడ్డయి సిస్టర్, వాళ్లమ్మకు గూడ చెప్పలే. బత్తాయి వలిచే ఆమెకే చెప్పిందంట, ఆమె నాకు చెప్పింది. రేపు చెకప్‌కు తీస్కపోతున్నం. వాళ్లల్ల ఒకామె నిన్న "వచ్చే ఏడు దేవుడు కొడుకునిస్తడు" అంటే వదిన గోడదిక్కు తిరిగి పండుకుంది. ఆ మాట అనకున్రి, మందుల జోలికి రాకున్రి, మిగతాది మీ ఇష్టం అని చెప్పిన. సరే అన్నరు. అన్న ఇంకా ఒప్పుకోలే, గని గేటు వెయ్యలే.

రిటైర్డ్ సిస్టర్:
మిర్చి గారూ, మీ అమ్మగారి దగ్గరికి నేను రావచ్చా?

ఎనుమాముల మిర్చి:
వద్దు. చర్చోళ్లు అంటే లోపలి అర్రలకు పోతది.
వాని టీబీ కార్డు ఇంకా దాసుకుంది. గోలీలు మింగినన్ని రోజులు టిక్కులున్నయి, తర్వాత ఖాళీ. ఒక నర్సు ఆ కార్డు చూసి, మందు ఆగినందుకే గిట్లయింది, నీ చేతిల ఏం లేదు అంటే వింటదేమో. నేను చెప్తే వినది. వస్తే బైబిల్ తేవద్దు.

రిటైర్డ్ సిస్టర్:
బైబిల్ లేకుండా నేను గడప దాటను. సంచిలో ఉంటుంది, తీయను.

ఎనుమాముల మిర్చి:
అవ్వను అడిగి చెప్త.