తూటాలో మందు 'దట్టించ'వచ్చా?

ప్రశ్న: అమెరికాలో పాత లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌తో వేటకెళ్లేవాళ్లు కాల్చిన తూటాలను ఇంట్లోనే మళ్లీ తయారుచేసుకుంటారు. ఆ పద్ధతిని తెలుగులో రాస్తున్నాను. "తూటాలో మందు దట్టించి గుండు బిగించాలి" అంటే సరిపోతుందాండీ?

— "దట్టించి" కొట్టేయండి. అది నాటు తుపాకీ మాట. అక్కడ గొట్టం మూతిలోంచి నల్లమందు పోసి, గుండు దించి కడ్డీతో గట్టిగా దట్టించాలి. నడుమ సందు మిగిలితే గొట్టం ఉబ్బుతుంది, చీలుతుంది కూడా. రైఫిల్ తూటాలో పోసేది పొగరాని మందు. దాన్ని త్రాసులో తూచి పోస్తారు, కూరరు. "నింపి" అన్నా చిక్కే, చదివినవాడు అంచుదాకా పోస్తాడు. కొన్ని మందులు కేసులో (తూటా ఇత్తడి డొల్లలో) సగానికి కూడా రావు. అలాంటివి పొరపాటున రెండుసార్లు పోసినా పొంగవు, తెలియదు. గుండు పెట్టేముందు కేసులన్నీ వరసగా నిలబెట్టి టార్చితో లోపల మట్టం చూడాలి. "తూచి పోసి" అనండి.

— "తూటా" సంగతో? "ఒంట్లో తూటా దిగింది" అంటే గుండు. "ఖాళీ తూటాలు దొరికాయి" అంటే ఇత్తడి కేసు. "మందుగుండు" ద్వంద్వ సమాసంలోనూ ఉన్నవి మందూ, గుండూ రెండే. కేసుకీ, దాని అడుగున ఉండి మందును అంటించే ప్రైమర్‌కీ చోటు లేదు. నాలుగింటికీ నాలుగు మాటలు ఉంచి, తూటా అనేది మొత్తానికే వాడండి. ప్రైమర్ గురించి ఒక వాక్యం తప్పనిసరి: పాత మిలటరీ త్రీనాట్‌త్రీ (.303, లీ-ఎన్‌ఫీల్డ్ తూటా) కేసులు చాలావరకు బెర్డన్ రకం, అడుగున రెండు చిన్న రంధ్రాలు ఉంటాయి. మామూలు డై (కేసును నొక్కి సైజుకు తెచ్చే అచ్చు) పెట్టి నొక్కితే, పాత ప్రైమర్‌ను తోసే పిన్ను విరుగుతుంది. బాక్సర్ రకానికి నడిమధ్యన ఒకటే రంధ్రం.

— "గ్రెయిన్"ను గ్రాము చేశారేమో చూసుకోండి, చాలా ప్రమాదం. పౌండు బరువుకు 7000 గ్రెయిన్లు, ఒక్కోటి సుమారు 64.8 మిల్లీగ్రాములు. 174 గ్రెయిన్ల గుండు బరువు 11.3 గ్రాములే. "గింజ" అనీ వద్దు, మన గురిగింజ ఎత్తు దాదాపు 2 గ్రెయిన్లు.

— త్రీనాట్‌త్రీ పేరులోని అంకె కూడా మోసమే. .303 అంగుళం అనేది గొట్టం లోపల గాళ్ల మధ్య ఎత్తుగా ఉండే మెట్టుల నడుమ కొలత, గుండు .311 లేదా .312 ఉండాలి. ఇక "కేసును తిరిగి సైజు చేయాలి" అని ఊరికే రాయకండి. యుద్ధకాలపు రైఫిళ్లలో చాంబరు (తూటా కూర్చునే గది) వదులు. కేసు మొత్తాన్ని డైలో నొక్కితే భుజం (మెడ కింది వాలు) వెనక్కి జరుగుతుంది, కాల్చిన ప్రతిసారీ అడుగుకు కాస్త పైన సాగి పలచబడుతుంది. నాలుగైదుసార్లకే అక్కడ మెరిసే గీత కనిపించవచ్చు, తర్వాత కేసు రెండు ముక్కలు. కొన వంచిన సన్నటి తీగతో లోపల తడిమితే గాడి తగులుతుంది, తగిలితే పారేయాలి. అదే రైఫిల్‌లో కాల్చిన కేసుకి "మెడ మాత్రమే" నొక్కితే చాలు.

ప్రశ్న అడిగినవారు: దిద్దాను: "కేసు మెడ నొక్కి, ప్రైమర్ అంచుకంటే రవ్వంత లోపలికి దించి, మందు తూచి పోసి, గుండు కూర్చాలి." "కూర్చు" నప్పిందా?

— నప్పింది. కొలత పక్కనే రాయండి: కేసు పొడవు 2.222 అంగుళాలు దాటకూడదు. దాటితే కత్తిరించాకే ప్రైమర్. మందు ఎంత అన్నది మాత్రం మీరు రాయకండి, దాని తయారీదారు పట్టికకే పంపండి. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు చేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరమనీ ఒక ముక్క వేయండి.