సొంత కాంపోనెంట్ లైబ్రరీ కట్టుకోవాలా, సిద్ధంగా ఉన్నది తెచ్చుకోవాలా?

వరిపైరు:

మాది ఐదుగురి బృందం. ఎరువులు, విత్తనాలు అమ్మే సహకార సంఘాల కోసం రియాక్ట్‌లో (వెబ్ తెరలను కాంపోనెంట్లుగా, అంటే బటన్, గడి లాంటి ముక్కలుగా కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) ఒక అప్లికేషన్ చేస్తున్నాం. మొదట రైతు నమోదు ఒక్కటే ఉండేది. తర్వాత సరుకు నిల్వ, ఆ తర్వాత రసీదులు వచ్చి చేరాయి. ఒక్కో భాగం ఒక్కొక్కరి చేతిలో పెరిగింది. పోయిన వారం మూడింటినీ పక్కపక్కన పెట్టి చూశాం. 'భద్రపరచండి' బటన్ ఒక తెరలో ఆకుపచ్చగా, ఇంకోదానిలో నీలంగా ఉంది. మూడోదానిలో అది బటనే కాదు, నొక్కితే పనిచేసేలా రాసిన డివ్, అంటే ఉత్త హెచ్‌టీఎంఎల్ పెట్టె. రైతు పేరు వెతికే డ్రాప్‌డౌన్‌ను (కిందికి తెరుచుకునే జాబితాను) మూడుసార్లు రాసుకున్నాం. ఒకచోట సరిదిద్దిన తప్పు మిగిలిన రెండు చోట్లా అలాగే ఉంది.

ఇక ఈ ముక్కలన్నిటికీ ఒకే లైబ్రరీ ఉండాలన్నదానిలో మాకు భేదాభిప్రాయం లేదు. ఏ లైబ్రరీ అన్నదగ్గరే పేచీ. సిద్ధంగా దొరికే మెటీరియల్ యూఐనో యాంట్ డిజైన్‌నో తెచ్చుకుంటే నెలలో పని అయిపోతుందని ఇద్దరి వాదన. సొంతంగా రాసి, విడి ప్యాకేజీగా పెట్టి, మూడు భాగాల్లోనూ వాడుకోవాలని నాది. నా ఆలోచనలో పొరపాటు ఉంటే చెప్పండి.

పాత_కాపు:

పొరపాటే ఉందండీ. బటన్ ఎవరైనా రాస్తారు. మీరు మూడుసార్లు రాశామన్న ఆ డ్రాప్‌డౌన్ సంగతి చూడండి. కింది బాణం నొక్కితే తర్వాతి పేరుకు వెళ్లాలి. ఎస్కేప్ నొక్కితే మూసుకోవాలి. తెర అడుగున ఉన్నప్పుడు జాబితా పైకి తెరుచుకోవాలి. ఫోనులో కీబోర్డు పైకి లేచినా కనబడుతూనే ఉండాలి. పేర్లు సర్వరు నుంచి వస్తుంటే, ముందు అడిగిన దాని జవాబు ఆలస్యంగా వచ్చి కొత్త జవాబును చెరపకూడదు. స్క్రీన్ రీడర్ (తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడేవారికి ఏ పేరు మీద ఉన్నారో వినబడాలి. ఇది ఒక్క కాంపోనెంట్ మాత్రమే.

గతంలో నేను పనిచేసిన చోట సొంత లైబ్రరీ కట్టాం. తేదీ ఎంచుకునే క్యాలెండర్ దగ్గరే వారాలు గడిచిపోయాయి. దాన్ని రాసినవారు ఉద్యోగం మారాక ఆ ఫైలు తెరవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఐదుగురిలో ఒకరు లైబ్రరీకే అంకితమైతే రైతులకు పనికొచ్చే పని నలుగురే చేస్తారు. ఆ లెక్క ముందుగా వేసుకోండి.

రాట్నం:

పాత_కాపు గారు చెప్పిన కష్టాలన్నీ నిజమే. అయితే తెచ్చుకున్న లైబ్రరీకీ ఖరీదు ఉంటుంది, అది తర్వాత కడతాం. 2021 సెప్టెంబరులో మెటీరియల్ యూఐ నాలుగో వెర్షన్ నుంచి ఐదుకు మారినప్పుడు ప్యాకేజీ పేర్లు మారాయి, స్టైళ్లు రాసే పద్ధతీ మారింది. వందల ఫైళ్లలో దాన్ని నేరుగా ఇంపోర్ట్ చేసుకున్నవారు (పేరుతో పిలిచి వాడుకున్నవారు) ప్రతి ఫైలూ తెరవాల్సి వచ్చింది. అదే ఏడాది మే నెలలో బూట్‌స్ట్రాప్ అనే ఇంకో లైబ్రరీ ఐదో వెర్షన్ వచ్చి, జేక్వెరీ అనే పాత జావాస్క్రిప్ట్ లైబ్రరీని వదిలేసింది. మంచి నిర్ణయమే. కానీ జేక్వెరీ మీద ఆధారపడి రాసుకున్న కోడుకు అది కొత్త పని.

ఇంకొకటి. 2018 డిసెంబరు 25న యాంట్ డిజైన్ వాడుతున్న అప్లికేషన్లలో బటన్ల మీద మంచు ప్రత్యక్షమైంది. తయారుచేసినవారు ముందే కోడులో పెట్టి, ఆ తేదీ రాగానే కనబడేలా ఏర్పాటు చేశారు. ఆఫీసు లెక్కల తెర మీద మంచు ఎందుకు పడుతోందో ఆ అప్లికేషన్ చేసినవారికే తెలియదు. మన తెర మీద ఏం కనబడాలో మనకు తెలియకుండా ఇంకొకరు నిర్ణయించిన రోజు అది. నేను మరిచిపోలేను.

పాత_కాపు:

క్షమాపణ చెప్పి తీసేశారు కూడా. ఒక్క సంఘటన పట్టుకుని ఏళ్ల తరబడి ఎందరో పరీక్షించిన కోడును పక్కన పెట్టమనడం న్యాయం కాదు.

ఒత్తక్షరం:

ఇద్దరూ అడగని ప్రశ్న ఒకటుంది: మీ తెరల మీద ఉండేది ఏ భాష? 'భద్రపరచండి' అన్నారు కాబట్టి తెలుగే అనుకుంటున్నాను. అలాగైతే సిద్ధంగా దొరికే ఏ లైబ్రరీ కూడా మీకు పూర్తిగా సిద్ధంగా ఉండదు. తెలుగు తెరల మీద చాలాకాలంగా పనిచేస్తున్నాను, చూసినవి చెబుతాను.

మొదటిది ఎత్తు. మెటీరియల్ యూఐ మామూలు టెక్స్ట్ గడిలో వరుస ఎత్తు 1.4375 ఎమ్ (అక్షరం సైజుకు అన్ని రెట్లు). అంటే 16 పిక్సెళ్ల అక్షరానికి 23 పిక్సెళ్లు. రోమన్ లిపికి అది చాలు. మనకు కింద ఒత్తు, దాని కింద ఇంకో ఒత్తు, పైన గుడి. 'రాష్ట్రం' అని రాసి చూడండి. కొన్ని ఫాంట్లలో అడుగున ఉన్న క్రావడి గడి అంచుకు తగిలి తెగుతుంది. పొడవైన పేరును చుక్కలతో కుదించే చోట పొంగినదంతా దాచమని రాస్తారు కదా, అక్కడ ఇంకా ఎక్కువగా తెగుతుంది. ఆంగ్లంలో పరీక్షించినవారికి ఇది ఎన్నటికీ కనబడదు.

రెండోది లెక్క. 'లక్ష్మీనరసింహస్వామి' కంటికి ఎనిమిది అక్షరాలు. కంప్యూటర్‌కు అది 19, ఎందుకంటే పొల్లు, గుణింతం గుర్తు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. గడికి గరిష్ఠం 20 అని పెట్టారనుకోండి, పేరు తర్వాత ఒక ఖాళీ కొట్టేసరికి గడి నిండిపోతుంది. ఇంటిపేరుకు చోటుండదు. గడి ఏమీ చెప్పదు, కీలు నొక్కుతున్నా అక్షరం పడదు. కౌంటరు దగ్గర కూర్చున్నవారు కీబోర్డు పాడైందనుకుంటారు.

మూడోది నాకు అన్నిటికంటే బాధ కలిగించేది. పేరులోని మొదటి అక్షరం తీసుకుని గుండ్రటి బిళ్లలో చూపించే కాంపోనెంట్ ఉంటుంది. 'శ్రీనివాస్' నుంచి మొదటి యూనిట్ తీస్తే 'శ' వస్తుంది, 'శ్రీ' రాదు. 'జ్యోతి'కి 'జ' వస్తుంది. మన అక్షరం మొత్తంగా కావాలంటే బ్రౌజర్‌లోనే ఉండే ఇంటల్ సెగ్మెంటర్ (Intl.Segmenter, మాటను అక్షరాలుగా విడదీసేది) వాడాలి. తెలుగు సంయుక్తాక్షరాన్ని మధ్యలో విడదీయకూడదన్న నియమం కంప్యూటర్లలో లిపులన్నిటికీ ప్రమాణమైన యూనికోడ్‌లో, 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌లో చేరింది. పాత బ్రౌజర్లలో ఇప్పటికీ 'శ్' దగ్గరే తెగుతుంది కాబట్టి, పొల్లుతో ముగిస్తే తర్వాతి ముక్కను కూడా కలిపే నాలుగు వరుసల కోడు మీరే రాసుకోవాలి.

వీటిని మూడు భాగాల్లో మూడుసార్లు సరిచేస్తారా, ఒకచోట చేస్తారా? ఒకచోట చేయాలంటే మీదంటూ ఒక పొర ఉండాలి. ఆ పొర లోపల ఎవరి కోడు ఉందన్నది తర్వాతి మాట.

కీబోర్డు_మాత్రమే:

నాకు చూపు తక్కువ. స్క్రీన్ రీడర్‌తో, కీబోర్డుతో పనిచేసే ప్రోగ్రామర్‌ను. వరిపైరు గారూ, మీ మూడో తెరలోని డివ్ నాకు లేనట్టే. ట్యాబ్ ఎన్నిసార్లు నొక్కినా దాని మీదకు వెళ్లలేను. లైబ్రరీ చర్చ తేలేదాకా ఆగకండి, దాన్ని ఈ రోజే నిజమైన బటన్ చేయండి.

అన్నీ రాసుకోవాల్సిన పని కూడా లేదు. డైలాగ్ పెట్టె కోసం హెచ్‌టీఎంఎల్‌లో డైలాగ్ అనే ఎలిమెంటే ఉంది, 2022 మార్చి నుంచి పెద్ద బ్రౌజర్లన్నిటిలోనూ పనిచేస్తోంది. షోమోడల్ అనే ఆదేశంతో తెరిస్తే వెనకున్న తెర అందకుండా పోతుంది, ఎస్కేప్ నొక్కితే మూసుకుంటుంది. పుట్టిన తేదీకి క్యాలెండర్ వద్దే వద్దు. 1961కి చేరాలంటే ఎన్ని నెలలు వెనక్కి నడవాలి? బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్ల డిజైన్ పద్ధతిలో తెలిసిన తేదీలకు రోజు, నెల, సంవత్సరం అని మూడు గడులే ఇస్తారు. నాకూ అదే హాయి, మీ రైతు తాతగారికీ అదే హాయి.

రాట్నం:

ఒత్తక్షరం గారి పోస్టు చదివాక నా మాట కొంత మార్చుకుంటున్నాను. వరిపైరు గారూ, విడి ప్యాకేజీ ఇప్పుడే వద్దు. విడిగా పెట్టిన మరుక్షణం వేరే చిక్కులు మొదలవుతాయి. రియాక్ట్‌ను పీర్ డిపెండెన్సీగా (వాడే అప్లికేషన్‌లో ఉన్నదాన్నే వాడుకోమని) రాయడం మరిచిపోతే ఒకే పేజీలో రెండు రియాక్ట్‌లు చేరి, హుక్ (రియాక్ట్ ఇచ్చే ప్రత్యేక ఫంక్షన్) పిలుపు చెల్లదని ఎర్రటి సందేశం వస్తుంది. మీ కోడులో ఎంత వెతికినా తప్పు దొరకదు, ఎందుకంటే తప్పు అక్కడ లేదు. ప్యాకేజ్ జేసన్ అనే వివరాల ఫైలులో సైడ్ ఎఫెక్ట్స్ లేవని (వాడని ఫైళ్లు తీసేయవచ్చని) రాస్తే, బిల్డ్ చేసినప్పుడు రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్ ఫైళ్లు ఎగిరిపోతాయి. మీ కంప్యూటర్‌లో అందంగా ఉన్న బటన్ సర్వరు మీద బోసిగా కనబడుతుంది. దీని కోసం నేను ఒక రాత్రంతా వెతికాను.

అప్లికేషన్‌లోనే ఒక ఫోల్డరు చాలు. కష్టమైన ప్రవర్తనకు అడోబీవారి రియాక్ట్ ఆరియా లాంటిది తీసుకోండి. వెతికే డ్రాప్‌డౌన్‌కు కావలసిన కీలు, స్క్రీన్ రీడర్ మాటలు అందులో ఉన్నాయి, రూపం మాత్రం మీ చేతిలో ఉంటుంది. దాన్ని ఆ ఫోల్డరు బయట ఎవరూ నేరుగా ఇంపోర్ట్ చేయకుండా కోడులో తప్పులు పట్టే ఈఎస్‌లింట్‌లో నియమం పెట్టండి. రంగులు, దూరాలు, వరుస ఎత్తు సీఎస్ఎస్ వేరియబుల్స్‌లో ఉంచండి.

పాత_కాపు:

పొర మంచిదే, కానీ అది పలచబడిపోవడం చాలాసార్లు చూశాను. మొదట మీ బటన్‌కు రెండు ప్రాప్స్ (రంగు, సైజు లాంటివి బయటి నుంచి చెప్పే వీలు) ఉంటాయి. ఆరు నెలలకు ఎవరి అవసరానికి వారు ఒకటి చేరుస్తారు. చివరికి లోపలి లైబ్రరీలో ఉన్నవన్నీ బయటికి వచ్చేస్తాయి, దాన్ని మార్చుకునే స్వేచ్ఛ పోతుంది. కొత్త ప్రాప్ చేర్చాలంటే ఇద్దరు ఒప్పుకోవాలన్న కట్టుబాటు పెట్టుకోకపోతే నేరుగా మెటీరియల్ యూఐ వాడుకోవడమే నయం. నిల్వల పట్టిక విషయంలో మాత్రం నా మాట మార్చుకోను. వరుసలు క్రమంలో పెట్టడం, వడగట్టడం, వేల వరుసలు జారించడం మీరు రాయకండి.

వరిపైరు:

అందరికీ కృతజ్ఞతలు. డివ్‌ను నిన్న రాత్రే బటన్ చేశాను. కీబోర్డు_మాత్రమే గారూ, మీరు చెప్పేదాకా దాన్ని రంగు సమస్య అనే అనుకున్నాను.

విడి ప్యాకేజీ ఆలోచన మానుకున్నాం. ఒకే ఫోల్డరులో బటన్, టెక్స్ట్ గడి, డైలాగ్ పెట్టె, మూడు గడుల తేదీ, రైతు పేరు వెతికే డ్రాప్‌డౌన్ ఉంటాయి. ఈ ఐదూ మూడు భాగాల్లోనూ సరిగా కూర్చునేదాకా ఆరోది చేర్చం. కొత్త ప్రాప్‌కు ఇద్దరి సంతకం అన్న కట్టుబాటు కూడా పెట్టుకున్నాం. పట్టిక మీద మాలో ఇంకా వాదన నడుస్తోంది. ఇద్దరు పాత_కాపు గారి పక్షం, నేను ఇంకా కాదు.

కాంపోనెంట్లను విడివిడిగా చూసుకునే స్టోరీబుక్‌లో ప్రతి కాంపోనెంట్‌కూ ఒక తెలుగు పేజీ పెడుతున్నాం. నమూనా మాటలుగా 'రాష్ట్రం', 'లక్ష్మీనరసింహస్వామి' వేశాను. టెక్స్ట్ గడిలో క్రావడి మొదటి రోజే తెగింది. వరుస ఎత్తు 1.7కు పెంచితే నిలిచింది. ఒత్తక్షరం గారూ, ఇంకేం మాటలు చేర్చమంటారు?

ఒత్తక్షరం:

'స్త్రీ', 'కర్ఫ్యూ', 'జ్యోత్స్న' వేయండి. 'జ్యోత్స్న'ను 12 పిక్సెళ్లలో కూడా చూడండి. బటన్‌లో 'రద్దు చేయండి' పక్కన 'సరే' పెట్టి, రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో గమనించండి. అంకెల పక్కన కూడా: 'యూరియా 45 కిలోలు'. రసీదు ప్రింటు తీసినప్పుడు ఫాంటు మారుతుందేమో చూడండి, తెర మీద నిలిచిన ఒత్తు కాగితం మీద తెగవచ్చు.